చూసీ చూడని మన ఊరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకి పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారాగారి కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకి దక్కవలసిన హక్కు అని తేల్చి చెప్పింది. ఆ తీర్పు గురించి, డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీ ఫోటోల గోల గురించి ఓ అరగంట చెప్పండి మాస్టారూ, భోజనాలకి ఎలాగూ టైముంది" అన్నారు. కాబట్టి నేను భోజనాలకి అడ్డం రాను. వంటాయన సైగ చేసినప్పుడు ఆపేస్తాను.

నాకు 75 నడుస్తోంది. 1974లో ఎల్.డి.సి.గా చేరాను. 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగాను. మధ్యలో ప్రమోషన్లు నా దగ్గరికి రావడానికి కాస్త మొహమాటపడ్డాయి. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే మన రోడ్డు కం రైలు వంతెన మొదలైంది. దాని వయసూ నా సర్వీసు వయసూ ఒకటే కాబట్టి దాన్ని బ్యాచిమేటుగా చూస్తుంటాను. అది ఇంకా డ్యూటీలోనే ఉంది, పాపం.

1977లో పండగ అడ్వాన్సు తీసుకుని, బట్టలు కొనకుండా ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా కొన్నాను. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నల్లటి డబ్బా. ఎండ, మబ్బు గుర్తులు చూసి మీట జరపడం, నొక్కడం, అంతే. రీలుకి 12 ఫోటోలు. వెనకాల చిన్న ఎర్రటి కిటికీ ఉండేది. అందులో అంకె కనిపించే దాకా చక్రం తిప్పాలి. పన్నెండే ఉన్నాయి కాబట్టి నొక్కే ముందు ఒక్క క్షణం ఆలోచించేవాళ్ళం. ఆ రోజుల్లో స్టూడియోలో కడిగించడానికి ఇచ్చాక వారం పట్టేది. కార్డు సైజు వేయించడానికి జీతం చాలదు. నెగెటివ్ ఎంతుంటే అంతే, రెండుంపావు అంగుళాల చదరం ప్రింట్లు వేయించేవాణ్ణి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దవి.

మొదటి రీలు చూసి మా ఆవిడ ఒక మాటంది. పన్నెండు ఫోటోల్లో తను ఒక్కదాన్లోనే ఉంది. మిగతావి మా వీధి అరుగు, ఎదురింటి పెంకుటిల్లు, సైకిలు షాపు ముందు పంక్చరు నీళ్ళ తొట్టి, మునిసిపాలిటీ కుళాయి దగ్గర బిందెల వరస ఇలాంటివి. "డబ్బు పోసి బిందెల్ని తీయించారా, మన ఇంట్లో లేవా బిందెలు?" అంది. ఆ కుళాయి ఇప్పుడు లేదు. ఆ ఇత్తడి బిందెలూ లేవు. ఆ వరసలో మూడో బిందె వెనక నిలబడ్డ చిన్నపిల్ల ఇప్పుడు అమ్మమ్మ. పోయిన ఏడాది అమెరికా నుంచి వచ్చి ఆ ఫోటోకి కాపీ తీసుకుని వెళ్ళింది. మా ఆవిడ ఆ మాట వెనక్కి తీసుకోలేదు గానీ, ఆ అమ్మాయికి కాఫీ ఇస్తూ "మీ అంకులు తీసిందేనమ్మా" అని మాత్రం గర్వంగా చెప్పింది.

మన రాజమండ్రికి ఎవరొచ్చినా ఏం ఫోటో తీస్తారు? సాయంకాలం గోదావరి గట్టు మీదికి వెళ్ళి, ఆర్చీల వంతెన వెనక సూర్యాస్తమయం తీస్తారు. 1997లో కట్టిన ఆ వంతెన అందమైనదే, కాదనను. కానీ అది కొన్ని వేలమంది తీశారు, రేపూ తీస్తారు. ఆ ఫోటోలకి కొరత రాదు. పక్కనే పాత హేవలాక్ వంతెన ఉంది. 1900లో రైళ్ళు మొదలైన వంతెన. 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. లెక్క వేయండి, ఖానాలే 8,400 అడుగులు, అంటే మైలున్నర పైమాటే. 1997లో దాని మీద రైళ్ళు ఆగిపోయాయి. తొంభై ఏడేళ్ళ సర్వీసు! మన 58 ఏళ్ళ రిటైర్మెంటు రూలు దానికి వర్తించలేదన్నమాట. ఆగిపోయాక దాన్ని పర్యాటక కేంద్రం చేస్తామన్న మాట ఏళ్ళ తరబడి విన్నాం. 2025 జూన్‌లో అఖండ గోదావరి పేరుతో శంకుస్థాపన జరిగింది. మంచిదే. పని బాగా జరగాలనే కోరుకుందాం. అయితే నేను గుమస్తాని కాబట్టి నాకు తోచేది ఒకటే: పని మొదలయ్యే ముందు ఉన్న స్థితి రికార్డులో ఉండాలి. ఆ రాతి స్తంభాల మీద నాచు ఎంతవరకు పట్టింది, స్తంభాల నీడలో వలలు బాగుచేసుకునే బెస్తవారు ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడెక్కడ రావి మొక్కలు మొలిచాయి, ఇవన్నీ ఎవరూ తీయరు. సూర్యుడు ఉన్నవైపే అందరి కెమెరాలూ తిరిగి ఉంటాయి.

రేవుల సంగతి ఇంకా ముఖ్యం. పన్నెండేళ్ళకోసారి పుష్కరాలొస్తాయి, పుష్కరాలొచ్చినప్పుడల్లా మెట్లు మారతాయి. మా వీధి చివర ఒక చిన్న రేవుంది. పెద్ద పుష్కరాల రేవు కాదు, యాత్రికులకి దాని పేరు కూడా తెలియదు. 1979 పుష్కరాల్లో ఆ రేవు ఫోటో ఒకటి తీశాను. తర్వాత 1991లో అక్కడే నిలబడి, అదే వేపచెట్టు పక్కన నిలబడి, ఇంకొకటి తీశాను. 2003లో రంగుల రీలుతో మూడోది, 2015లో మా అబ్బాయి ఇచ్చిన డిజిటల్ కెమెరాతో నాలుగోది. నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిన్న చరిత్ర పుస్తకమే. మొదటి దాంట్లో అరిగిపోయిన రాతి మెట్లు, వాటి మీద బట్టలుతికే చోట పల్లం. రెండో దాంట్లో సిమెంటు. మూడో దాంట్లో ఇనుప కడ్డీల కంచె, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది. నాలుగో దాంట్లో నున్నటి పలకలు. వేపచెట్టు మూడింటిలో ఉంది, నాలుగో దాంట్లో లేదు. నాలుగోసారి ఎక్కడ నిలబడాలో మెట్లు లెక్కపెట్టుకుని తేల్చుకోవలసి వచ్చింది. అన్నింటిలోనూ ఒక మూల పురోహితుడి గొడుగు మాత్రం ఉంది. గొడుగు రంగు మారింది, మనిషి మారాడు, కూర్చునే చోటు మారలేదు. 2027 పుష్కరాలకి ఐదోది తీయాలని నా కోరిక. ఈ ఐదో ఫోటో విషయంలో మాత్రం పైవాడి మంజూరు ఉత్తర్వులు రావాలి.

ఇలా చిన్నచిన్నవి చూడడం నా సొంత తెలివేమీ కాదు. ఈ ఊళ్ళోనే దానికి సంప్రదాయముంది. మన ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా కూల్డ్రే దొరగారుండేవారు. ఆయన చిత్రకారుడు కూడా. ఇంగ్లండు వెళ్ళాక ఈ ప్రాంతం గురించి పుస్తకాలు రాశారు. దామెర్ల రామారావుగారిలోని కళని గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్ళేలా ప్రోత్సహించింది ఆయనే. రామారావుగారు 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. 28 నిండనేలేదు. ఆయన బొమ్మలున్న గ్యాలరీ మన ఊళ్ళో ఉంది. ఈ హాల్లో ఎంతమంది చూశారో చేతులెత్తమని అడగను, భోజనాల ముందు ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు. ఒకసారి వెళ్ళి చూడండి. మన మనుషులు, మన ఆడవాళ్ళ కట్టూబొట్టూ, మన గోదావరి ఒక కుర్రవాడి కంటికి ఎంత గొప్పగా కనిపించాయో తెలుస్తుంది.

పారిస్ నగరంలో అట్జే అని ఒకాయన ఉండేవాడు. 1927లో పోయాడు. పెద్ద బరువైన చెక్క కెమెరా భుజాన వేసుకుని, పొద్దున్నే జనం లేవకముందే వెళ్ళి పాత సందులు, మెట్ల కమ్మీలు, దుకాణాల అద్దాలు, తోపుడు బళ్ళవాళ్ళు, ఇవే ముప్ఫై ఏళ్ళ పైగా తీశాడు. తన గది తలుపు మీద చిత్రకారులకి కావలసిన దస్తావేజులు దొరుకుతాయని బోర్డు పెట్టుకున్నాడట. కళాఖండాలు అనలేదు, దస్తావేజులు అన్నాడు. ఆ మాట చదివినప్పుడు, ఈయన మన కేడరు మనిషే అనిపించింది.

ఇక ఇళ్ళ దగ్గరికొద్దాం. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు ప్రభుత్వ సంరక్షణలో ఉంది. 1881 డిసెంబరు 11న ఆయన చేయించిన తొలి వితంతు వివాహం జరిగింది ఈ ఊళ్ళోనే. ఆయన కట్టించిన టౌనుహాలు ఉంది. కాటన్ దొరగారి పేరు మీద ధవళేశ్వరంలో మ్యూజియం ఉంది. వీటిని మనం ఫోటో తీసినా తీయకపోయినా ఫరవాలేదు, వాటి ఆలనాపాలనా చూసేవాళ్ళున్నారు. ఆ పెద్దవాళ్ళ ఇళ్ళకి ఎదురింటి మాటేమిటి? పక్క సందులో పేరులేని పెంకుటింటి మాటేమిటి? ఇన్నీసుపేటలో, ఆర్యాపురంలో, దానవాయిపేటలో నేను చూస్తూండగా ఎన్ని ఇళ్ళు అపార్టుమెంట్లయ్యాయో లెక్కలేదు. కట్టుకోవద్దని నేననను. నలుగురు అన్నదమ్ములు పంచుకోవాలంటే మండువా ఇంటిని ముక్కలు చేయలేరు, పడగొట్టి ఫ్లాట్లు వేసుకుంటే తలా ఒకటొస్తుంది. కూతురి పెళ్ళి, కొడుకు చదువు, మనకీ ఉన్నాయి ఆ అవసరాలు. మా సొంత ఇల్లే 2011లో పడగొట్టి కట్టుకున్నాం. కానీ గునపం పడే ముందు వారం రోజుల పాటు మూలమూలా తీశాను.

ఏం తీయాలి అంటే చెప్తాను. ముందర వీధి అరుగు. ఆ అరుగు మీద కూర్చుని పేపరు చదివినవాళ్ళు, చింతపండు వొలిచినవాళ్ళు, అర్ధరాత్రి దాకా పేకాడినవాళ్ళు మీ నాన్నలు, మా నాన్నలు. తర్వాత ద్వారబంధం. గడపకి పసుపు రాసి రాసి చెక్క రంగే మారిపోయి ఉంటుంది. ద్వారబంధం మీద పిల్లల ఎత్తు గీసిన గీతలుంటే వాటిని దగ్గర్నుంచి తీయండి. మా ఇంట్లో మా చెల్లెలి గీత పక్కన '1962 సంక్రాంతి' అని మా నాన్నగారి దస్తూరీ ఉంది. తర్వాత మండువా. నాలుగు వైపుల నుంచీ చూరు నీళ్ళు పడే చోటు, ఆ నీళ్ళు బయటికి పోయే తూము. లోపలి స్తంభాలు, దూలం మీది చెక్కడం, గూన పెంకులా బెంగుళూరు పెంకులా అన్నది తెలిసేలా కప్పు. గోడ పెళ్ళలూడిన చోట గానుగ సున్నం కనిపిస్తుంటే అదీ తీయండి. అందంగా లేదని వదిలేయకండి. ఆ గోడ ఎలా కట్టారో అక్కడే తెలుస్తుంది. నుయ్యి ఉంటే నూతి గట్టు తీయండి. చేద తాళ్ళు ఒరుసుకుని రాతి మీద గాట్లు పడి ఉంటాయి. ఎన్ని చేతులు తోడితే రాయి అంత అరుగుతుంది! దీపం గూడు, దేవుడి అలమారా, వంటింటి పొగచూరిన గోడ. వంటిల్లు మాత్రం తప్పకుండా తీయండి. మన ఆల్బముల్లో ముందుగది ఫోటోలుంటాయి గానీ వంటింటివి ఉండవు. అమ్మలు జీవితమంతా గడిపిన గది అది.

నూతి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఒక సందులో అందరూ వాడుకునే పాత నుయ్యి ఉండేది. కుళాయిలొచ్చాక పూడ్చేశారు. ఆ స్థలం కొన్నాళ్ళకి పక్కన ఉన్నవారి ప్రహరీలోకి మెల్లగా జరిగింది. సందు ఇరుకైపోయి అంబులెన్సు రాని పరిస్థితి. అక్కడివాళ్ళు అర్జీ పెడితే, నుయ్యి ఉన్నట్టు ఆధారమేమిటని అడిగారు. నేను 1981లో తీసిన ఫోటోలో నుయ్యి, దాని వెనక దేవుడి గుడి గోడ, ఇటు కరెంటు స్తంభం, మూడూ ఒకేసారి కనిపిస్తున్నాయి. గుడి గోడ, స్తంభం ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, కొలుచుకోవచ్చు. ఆ ఫోటో జతచేశాక ఫైలు కదిలింది. పూర్తిగా గెలిచారని చెప్పను. ప్రహరీ అంతా పోలేదు, కానీ మూడడుగులు వెనక్కి జరిగింది. ఇప్పుడు స్ట్రెచరు పడుతుంది. నేనేదో దూరాలోచనతో తీశానని కాదు. నూతి మీద ఆ వేళ ఒక కొంగ వాలింది, అందుకు తీశాను.

ఇప్పుడు ఈ సభకి సంబంధించిన ఫోటో గురించి చెప్తాను.

మేము పనిచేసిన పాత ఆఫీసు బిల్డింగు మీలో కొందరికి గుర్తుంటుంది. రికార్డు రూము తలుపు పన్నెండడుగుల ఎత్తు. 1984లో బిల్డింగు మారుస్తారని వదంతి వచ్చినప్పుడు ఆ తలుపు తీయాలనిపించింది. ఉత్త తలుపు తీస్తే ఎత్తు తెలియదు. మా అటెండరుని పిలిచి "ఒక్క నిమిషం అలా తలుపు పక్కన నిలబడవయ్యా" అన్నాను. అతను రికార్డు రూములో పాతికేళ్ళ నాటి ఫైలుని కూడా చీకట్లో తడుముకుని తీసుకొచ్చేవాడు. "నా బొమ్మెందుకండీ బాబూ" అంటూ సిగ్గుపడి, చేతిలో కట్టల దుమ్ము దులుపుకుని, నిలబడి నవ్వాడు. రెండేళ్ళకి, 1986 ఆగస్టు వరదలప్పుడు వచ్చిన జ్వరంతో సర్వీసులోనే పోయాడు. ఆ ఫ్యామిలీ పెన్షను కాగితాలు నా సీటులోంచే వెళ్ళాయి.

2019లో ఇదే రోజున, మన సంఘం హాల్లో గోడల పొడవునా నా ఫోటోలు ఓ నలభై అంటించాం. జ్ఞాపకముందా? భోజనాల వేళ ఒకావిడ ఆ తలుపు ఫోటో ముందు నిలబడిపోయింది. పక్కన కూతురు. నేను వెళితే ఆవిడ ఏమీ మాట్లాడలేదు, కూతురే అంది: "మా నాన్నగారండీ. నాన్న పోయినప్పుడు నాకు రెండేళ్ళు. మా ఇంట్లో ఒకటే ఫోటో ఉందండీ, పాస్‌పోర్టు సైజుది, అర్జీ మీద అంటించింది ఊడదీసి ఇచ్చారు. గెడ్డం మీదుగా ఆఫీసు సీలు ముద్ర ఉంటుంది. నాన్న నవ్వితే ఇలా ఉంటారని నాకు తెలియదండీ."

అప్పుడు ఆవిడ అడిగింది: "బాబుగారండీ, ఆ తలుపు ఇప్పుడుందాండీ?"

లేదమ్మా అన్నాను. బిల్డింగే లేదు. ఆవిడ చాలాసేపు ఆ తలుపునే చూసింది. రోజూ సాయంకాలం ఆ తలుపుకి తాళం వేసి, తాళంచెవి దొరగారికి అప్పగించాకే ఇంటికొచ్చేవాడనీ, ఇంట్లో ఆ తలుపు గురించి కథలు కథలుగా చెప్పేవాడనీ, తను మాత్రం ఎప్పుడూ ఆఫీసుకి రాలేదనీ చెప్పింది. నెగెటివ్ ఉంది కాబట్టి పెద్దది వేయించి ఇచ్చాను. ఆ అమ్మాయి దాన్ని తండ్రి వరకు కత్తిరించి ఫ్రేము కట్టిద్దామంటే, తల్లి ఒప్పుకోలేదట. తలుపంతా ఉండాలందట.

నేను పెన్షను సీటు చాలాకాలం చూశాను. ప్రపోజల్స్‌తోపాటు భార్యాభర్తల జాయింటు ఫోటో జతచేయాలి కదా. ఎంతోమంది దంపతులకి పెళ్ళి తర్వాత ఇద్దరూ కలిసి దిగిన మొదటి ఫోటో అదే. స్టూడియోవాడు "దగ్గరికి జరగండి" అంటే జరగడానికి సిగ్గుపడి, మధ్యలో జానెడు ఖాళీ పెట్టుకుని కూర్చున్నవి కట్టలు కట్టలు చూశాను. ఆ మనుషులు నిజంగా ఎలా ఉండేవారో ఆ ఫోటోలు చెప్పవు. అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నప్పుడు, సైకిలు తుడుచుకుంటున్నప్పుడు, అద్దం ముందు కాక వెలుతురులో ఉన్నప్పుడు తీయాలి. మీ ఇంట్లో మీ శ్రీమతిని రేపే ఒకటి తీయండి. కొత్తచీర కట్టుకొస్తానంటే వద్దనండి. తిడుతుంది. తిడుతున్నప్పుడు తీయండి.

ఫోటో తీయడం కంటే ముఖ్యమైనది దాని వెనక రాయడం. ఇది మన వృత్తి విద్య, మనవాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు. టాటెన్‌హామ్ పద్ధతిలో కరెంటు ఫైలు, నోటు ఫైలు అని రెండుంటాయి కదా. ఫోటో కరెంటు ఫైలైతే, వెనక రాసేది నోటు ఫైలు. నోటు లేని కరెంటు మీద ఏ ఆఫీసరూ ఉత్తర్వు వేయలేడు. ఎప్పుడు, ఎక్కడ, ఎటువైపు తిరిగి, అందులో ఎవరు, నాలుగు ముక్కలు చాలు. 'మా వీధి' అని రాయకండి. మీ మనవడికి మీ వీధి ఏదో తెలియదు. మెత్తని పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ను అవతలికి దిగబడుతుంది. నేను ఒక పొడుగాటి రిజిస్టరు పెట్టి సీరియల్ నంబరు వేస్తున్నాను. ఇవాళ్టికి 3,140 దాకా వచ్చింది. ఆర్.డిస్. అని, ఎల్.డిస్. అని కూడా వేస్తాను. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా దాచవలసింది, తెలిసిందే. ఎల్.డిస్. వేసినవాటిని ఆఫీసులోలాగే గడువు దాటాక కూడా తగలబెట్టలేక దాచుకుంటున్నాను.

పాత నెగెటివ్‌లుంటే తేమ తగలనివ్వకండి. మన గోదావరి గాలికి బూజు తొందరగా పడుతుంది. ఒకదాని మీద ఒకటి అంటుకోకుండా పల్చటి కాగితపు కవర్లలో పెట్టి, గాలి దూరని డబ్బాలో పెట్టండి. మందుల సీసాల్లో వచ్చే చిన్న సిలికా పొట్లాలు పడేయకుండా అందులో వేయండి. మన వయసులో ఆ పొట్లాలకి కొదవేమిటి! ఇల్లు సర్దేటప్పుడు పిల్లలు ఆ నల్లటి రీళ్ళు చూసి పాత సామాన్ల బండికి వేసేస్తారు. డబ్బా మీద పెద్దక్షరాలతో రాసి ఉంచండి.

ఇప్పుడు కెమెరా కొనక్కర్లేదు. మీ జేబులో సెల్లు ఉంది. పొద్దున్నే పువ్వులు, దేవుళ్ళు, శుభోదయాలు పంపుకుంటున్నాం కదా. దాంతోనే తీయొచ్చు. ముందర అద్దం తుడవండి. వందకి తొంభై ఫోటోలు మసకగా రావడానికి కారణం మన వేలి జిడ్డే. కండువా కొస చాలు. దూరంగా ఉన్నదాన్ని వేళ్ళతో సాగదీసి తీయకుండా, నాలుగడుగులు నడిచి వెళ్ళి తీయండి, డాక్టరుగారు చెప్పిన నడక కూడా అవుతుంది. మన ఎండకి పది దాటితే గోడలన్నీ తెల్లగా పాలిపోతాయి. పొద్దున ఎనిమిది లోపు, సాయంకాలం నాలుగున్నర తర్వాత ఏటవాలు వెలుతురులో పాత గోడ మీద ప్రతి గీతా కనిపిస్తుంది. చేతులు వణుకుతాయంటారా, స్తంభానికి ఆనుకోండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపండి, మనవలనడిగితే చూపిస్తారు. ముఖ్యమైనవి సెల్లులోనే వదిలేయక కాగితం మీద ప్రింటు వేయించండి. సెల్లు పోతే అన్నీ పోతాయి.

అడక్కుండా తీయకూడని చోట్లున్నాయి. జైలు గోడలు, రైల్వే ఆవరణలు, ఇలాంటిచోట అనుమతి నిబంధనలుంటాయి. ఈ వయసులో కానిస్టేబులుకి సంజాయిషీ చెప్పుకునే పని పెట్టుకోకండి. మనుషుల దగ్గర కూడా అడిగి తీయండి. ఇస్త్రీ బండాయన, ఇడ్లీ బండి ఆవిడ, చెప్పులు కుట్టే ఆయన వాళ్ళ పనిలో ఉంటారు. వాళ్ళ పేదరికాన్ని తీస్తున్నట్టు కాక, పనిని తీయండి. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఊదే వైనం, చేతి పక్కన నీళ్ళ గిన్నె. తీసింది చూపించండి, ప్రింటు వేయించి ఇవ్వండి. కోటగుమ్మం దగ్గర ఒక పూలమ్మే ఆవిడకి అలా ఇస్తే, మా ఇంటికి ఏడాది పాటు మూరకి జానెడు కలిపి ఇచ్చింది.

మన ఉద్యోగ ప్రపంచంలోవి కూడా ఎన్ని పోయాయో చూడండి. టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. టెలిగ్రాం అంటే గుండె దడ, ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. రిజిస్టరు పోస్టుని 2025లో స్పీడుపోస్టులో కలిపేశారు. ఊరి పేరు 2015లో రాజమహేంద్రవరమయ్యింది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. కాకినాడకి పరుగులు పెట్టిన మనకి, కలెక్టరాఫీసు మన ఊరికొచ్చింది, మనం రిటైరయ్యాక. కోనసీమ పల్లెల్లో పాత దుకాణాల మీద 'తూర్పు గోదావరి జిల్లా' అని రాసిన బోర్డులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. గోడల మీద పసుపు రంగులో ఎస్.టి.డి. అక్షరాలు వెలిసిపోతూ ఉన్నాయి. మీ సొంత ఊళ్ళకి వెళ్ళినప్పుడు తీసుకురండి. ఒక్క సున్నం పూత చాలు అవి పోవడానికి.

వంటాయన సైగ చేస్తున్నాడు, చూశాను.

కార్యదర్శిగారితో మాట్లాడి ఒక ఏర్పాటు చేశాం. రెండో శనివారం పొద్దున్న ఏడు గంటలకి రండి, పుష్కరాల రేవు దగ్గర కలుద్దాం. ఎవరి వార్డు వాళ్ళకి పంచేసుకుందాం. ఎవరెవరికి ఏ వీధో రాసుకోవడానికి నేను రిజిస్టరు తెస్తాను. ఫ్యామిలీ పెన్షనర్లు కూడా రావాలి. వంటిళ్ళలోకి వెళ్ళి తీయాలంటే మీరే కావాలి, మమ్మల్ని రానివ్వరు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్లు దిగనక్కర్లేదు, గట్టు మీంచి తీస్తే రేవంతా వస్తుంది. సెల్లు చార్జింగు పెట్టుకుని రండి. కళ్ళజోడు మరిచిపోకండి.